దేహముతో మాటలాడు మనోవైద్యము: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల గోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠము)



తల్లిదండ్రుల గోష్ఠి యనగా మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు, ఫీజులను గూర్చియు మాటలాడుకొనుట మన అలవాటు. ఈ సంవత్సరము మరియొక విషయమును గూర్చి చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. కారణము మీకు తెలిసినదే. మనలో కొందరు పిల్లలకో తమకో మనస్సు కుదురుగా లేదని ప్రైవేటు చికిత్సకులయొద్దకు పోవుచున్నారు. ఆ చికిత్సకులలో కొందరు మందులీయరు. మాటలతో మాత్రమే సరిపుచ్చరు. "ఊపిరి ఎట్లు ఆడుచున్నది? భుజములు ఎట్లున్నవి? కడుపులో ఏమి తోచుచున్నది?" అని యడుగుదురు. బోర్డులమీద 'సమగ్ర చికిత్స' యనియు, 'దేహకేంద్రిత మనోచికిత్స' యనియు వ్రాసికొందురు. బెంగళూరు, హైదరాబాదు నగరములలో ఇట్టివారు హెచ్చు. ఫోను తెరమీద ఇంటికే వచ్చువారును గలరు. ఇది వైద్యమా, యోగమా, లేక డబ్బు గుంజు ఉపాయమా అని మమ్ము అడిగిన తల్లిదండ్రులు పలువురు.

మేము మానసిక వైద్యులము కాము. పిల్లలతోను వారి పెద్దలతోను దినదినమును పనిపడు వృత్తిలో నుండి, అవసరముకొలది చదివి, తెలిసినవారి నడిగి, తెలిసికొన్నంతవరకు చెప్పుచున్నాము.

ఈ పద్ధతికి మూలమైన భావము మనకు కొత్తది కాదు. మన భాషయే అందుకు సాక్షి. దుఃఖము వచ్చినపుడు గుండె బరువెక్కినదందుము. భయము కలిగినపుడు కాళ్ళు చేతులు ఆడలేదందుము. ఒకరి మేలు చూచి ఓర్వలేనివానిది కడుపుమంట. మాట్లాడబోయి ఏడుపు వచ్చినచో గొంతు పూడుకుపోయినదందుము. మన పొరుగువారి కన్నడములోను ఇదే తీరు; అచ్చటను కడుపుమంటను 'హొట్టె ఉరి' యనియే యందురు, కాళ్ళు చేతులు ఆడకపోవుటను ఆ మాటలతోనే చెప్పుదురు. తల్లిని విడిచి మేనమామ యింటికి పోయిన పిల్లవానికి రెండవనాటికి జ్వరము తగిలినచో మన అవ్వలు థర్మామీటరు చూడకయే "వీడు బెంగపెట్టుకొన్నాడు" అని చెప్పగలిగిరి. బెంగ అను నీ యొక్క మాటలో మనస్సును దేహమును విడదీయరాకుండ కలిసియున్నవి.

ఇంకొక సాక్ష్యము మన యూరిదే. భరతుని నాట్యశాస్త్రమున సాత్త్వికభావములు ఎనిమిది చెప్పబడినవి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. అనగా మ్రాన్పడుట, చెమటపోయుట, ఒడలు గగుర్పొడుచుట, గొంతు మారుట, వణకుట, మొగము వెలవెలపోవుట, కంట నీరు, సొమ్మసిల్లుట. ఇవి యెనిమిదియు మనస్సున పుట్టి మేన కనబడునవి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకములు వ్రాసిన యూరు బళ్ళారి. రాఘవాచార్యులవారు (1880–1946) పఠాను రుస్తుముగా రంగమెక్కిన యూరు. ఆ నటనను చూచిన తరము వెడలిపోయినది. కాని, నటుడు భావమునుండి దేహమునకు వచ్చుననియు, నిజమైన నటుని మేన ఆ భావము తనంత తానే పొడసూపుననియు ఈ యూరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు మనము చెప్పుకొను చికిత్సకుడు ఆ దారినే ఎదురుగా నడుచును. దేహమునుండి బయలుదేరి భావమునకు పోవును.

ఇందులో మాయ లేదు. అపాయమున్నదని మెదడు తలచినంతనే అడ్రినలిన్ మొదలగు రసములు నెత్తురున కలియును. గుండె వేగముగా కొట్టుకొనును. కండరములు బిగియును. జీర్ణక్రియ మందగించును. పులి యెదురైనను, లెక్కల పరీక్ష యెదురైనను దేహము చేయు సన్నాహము ఒక్కటియే. పులినుండి పరుగెత్తి తప్పించుకొన్నవానికి ఆ సన్నాహము పరుగుతో చల్లారును. పరీక్ష గదిలోని బాలుడు పరుగెత్తలేడు. ప్రతిదినము సాయంకాలము తండ్రి త్రాగి వచ్చు ఇంటిలోని బాలికయు పరుగెత్తలేదు. వారికి ఆ బిగువు చల్లారు అవకాశము లేక మెడలోను, దవడలోను, పొట్టలోను నిలిచిపోవును. కాబట్టి సోమవారము ఉదయము వచ్చి ఆదివారము మాయమగు కడుపునొప్పి 'దొంగ కడుపునొప్పి' కాదు. నొప్పి నిజమైనదే. దాని వేరు మాత్రము పొట్టలో లేదు. "బడి ఎగగొట్టుటకు నాటకమాడుచున్నాడు" అని పిల్లవానిని కొట్టిన తండ్రి ఆ బిగువునకు మరియొక మెలిక వేసినవాడగును.

అయినను ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలయును. కడుపునొప్పి యనగానే మనస్సుకు పోరాదు. ఏలికపాములు కావచ్చును, అపెండిసైటిసు కావచ్చును. ఆడపిల్లల నీరసమునకును దిగులునకును రక్తహీనతయో థైరాయిడు లోపమో కారణము కావచ్చును. ముందు మామూలు వైద్యుని చూపుడు. ఆయన పరీక్షించి లోపమేమియు లేదన్న తరువాత మరల మరల స్కానింగులకు పరుగెత్తవలదు. మూడు ఆస్పత్రులలో మూడు స్కానింగులు తీయించి, నాలుగవదానికై పొలముమీద అప్పు తెచ్చిన కుటుంబములు మన జిల్లాలో లేకపోలేదు.

ఈ పద్ధతి పుట్టుపూర్వములను రెండు మాటలలో చెప్పి విడిచెదము. వియన్నాలో ఫ్రాయిడు శిష్యవర్గములోనివాడైన విల్హెల్ము రైకు (1897–1957) అను వైద్యుడు, మనస్సు తన్ను కాపాడుకొనుటకై కండరముల బిగువునే కవచముగా తొడుగుకొనునని చెప్పెను. ఆయన శిష్యుడు అలెగ్జాండరు లోవెను అమెరికాలో దానిని పెంపొందించెను. చికాగోలో యూజీను జెండ్లిను అను తత్త్వవేత్త, చికిత్సవలన మేలుపొందువారు తమలోపల అస్పష్టముగా తోచు దేహస్పృహను ఆగి గమనించువారే యని గుర్తించి 1978లో దానిపై గ్రంథము వెలువరించెను. పీటరు లెవీను మొదలైనవారు ప్రమాదములకును దౌర్జన్యములకును గురియైనవారి దేహములలో నిలిచిన భయమును కొద్దికొద్దిగా సడలించు పద్ధతులను కూర్చిరి. వీరందరికంటె వేరుగా, ఎడ్మండు జాకబ్సను అను వైద్యుడు కండరములను ఒక్కొక్కటిగా బిగించి వదలు అభ్యాసమును 1929లోనే గ్రంథరూపమున ప్రకటించెను. అది నేడును ప్రపంచమంతట ఆస్పత్రులలో నేర్పబడుచున్నది. రైకు కథకు ముగింపు మాత్రము మనము మరువరాదు. ఆయన తరువాతి కాలమున విశ్వశక్తిని పెట్టెలలో పట్టి రోగములను కుదుర్చవచ్చునని చెప్పనారంభించెను. అమెరికా ప్రభుత్వము ఆ పెట్టెలను నిషేధించెను. నిషేధమును ధిక్కరించిన నేరమునకు శిక్షపడి, 1957 నవంబరులో చెరసాలలోనే ఆయన మరణించెను. మంచి భావమొకటి కనిపెట్టినవాడు చెప్పినదంతయు మంచిదని నమ్మరాదు. మన యూరి బోర్డులను చదువునపుడును ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇక చికిత్సకుని గదిలో ఏమి జరుగును? మీరు ముఖ్యముగా అడిగినది ఇదియే గనుక కొంత వివరముగా చెప్పెదము.

మొదటి దినమున చికిత్సకంటె విచారణయే ఎక్కువ. బాధ ఎప్పుడు మొదలైనది, నిద్రయు ఆకలియు ఎట్లున్నవి, ఇంట ఎవరెవరున్నారు, వెనుక పెద్ద జబ్బులో ప్రమాదములో జరిగినవా, ఇప్పుడు ఏ మందులు వాడుచున్నారు, చచ్చిపోవలెనని ఎప్పుడైనను తోచినదా—ఇవి యన్నియు అడుగుదురు. చివరి ప్రశ్న విని తల్లులు అదరిపడవలదు. అడిగినంతమాత్రమున ఆ తలంపు కొత్తగా పుట్టదు. అడుగుటవలన దాచుకొన్నవారికి చెప్పుకొను దారి దొరకును. ఈ ప్రశ్నలేవియు అడుగక మొదటి దినముననే "కన్నులు మూసికొనుము" అని పని ప్రారంభించు చికిత్సకుని యొద్దకు రెండవమారు పోకుండుట మేలు. ఏమి చేయుదురో, ఎన్ని వారములు పట్టునో, రుసుమెంతో, చెప్పిన సంగతులు ఎంతవరకు రహస్యముగా ఉంచుదురో, ఏ సందర్భమున ఇతరులకు చెప్పక తప్పదో—ఇవియు వారే ముందుగా చెప్పవలయును.

ఒక్కొక్క సిట్టింగు సుమారు 50 నిమిషములు మొదలు గంటవరకు ఉండును. గది సామాన్యముగా ఉండును: రెండు మూడు కుర్చీలు, నేలమీద ఒక చాప, ఒకటి రెండు తలగడలు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వెళ్ళినదనుకొందము. తరగతిలో తన్ను నవ్వులపాలు చేసిన సంగతిని ఆమె చెప్పుచుండును. చికిత్సకురాలు మధ్యలో నెమ్మదిగా ఆపి, "ఈ మాట చెప్పుచుండగా నీ చేతులు ఏమి చేయుచున్నవమ్మా?" అని యడుగును. బాలిక చూచుకొన్నచో పిడికిళ్ళు బిగిసియుండును. అంతవరకు ఆమె యెరుగదు. "విప్పవలదు, మరికొంచెము బిగించి చూడుము. ఆ చేతులు ఏమి చేయగోరుచున్నవి?" అని యడుగును. "నెట్టివేయవలెనని యున్నది" అని బాలిక యనవచ్చును. అప్పుడు గోడను రెండు చేతులతో నెట్టుమనును. నెట్టిన పిమ్మట భుజములు దిగవచ్చును. ఊపిరి దీర్ఘముగా రావచ్చును. ఆవులింతలో, చిన్న వణకో, ఏడుపో రావచ్చును. పిమ్మట పాదములు నేలను తాకుటను గమనింపుమని, కిటికీలోనుండి కనబడు చెట్టును చూడుమని చెప్పి, ఆమెను తిరిగి నెమ్మదికి తెచ్చును. ఈ చివరి పనియే అన్నిటికంటె ముఖ్యమని మా యభిప్రాయము. బాధను కదిలించుట తేలిక. దానిని నెమ్మదింపజేయుటకు నేర్పు కావలయును. ఈ నేర్పు లేనివాడు పుండును కెలికి కట్టుకట్టక పంపు వైద్యునివంటివాడు.

ప్రతి సిట్టింగునను ఇంత జరుగునని ఎదురుచూడవలదు. పెక్కుమారులు ఊపిరిని గమనించుట, కుర్చీలో వెన్ను ఆనించి కూర్చుండుట, లేచి నాలుగడుగులు వేయుట, మాటలాడుట—ఇంతకుమించి ఉండదు. "ఇంతమాత్రమునకు ఇంత రుసుమా?" అని మన తండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఇది సుందుమందు కాదు, అలవాటును మార్చుట. అలవాటు ఒకనాట మారదు. కొన్ని వారములు తప్పక పట్టును, ఒక్కొక్కప్పుడు నెలలు. నాలుగైదు సిట్టింగుల పిమ్మట కూర్చుండి, నిద్ర బాగుపడినదా, బడికి పోవుట మెరుగైనదా అని చికిత్సకుడు మీతో కలిసి లెక్కచూడవలయును. మెరుగేమియు లేనిచో వేరు దారి చూపవలయును. "ఇరువది సిట్టింగులకు ముందే సొమ్ము కట్టుడు" అనువానికి కట్టవలదు.

సిట్టింగు ముగిసిన దినమున పిల్ల అలసియుండవచ్చును, హెచ్చుగా నిద్రించవచ్చును, ఒకటి రెండు దినములు చిరచిరలాడవచ్చును. ఇంటికి వచ్చునపుడు ఆటోలోనే "లోపల ఏమి చెప్పితివి? మా మాట ఏమైన వచ్చినదా?" అని విచారణ చేయకుడు. అది తల్లులకు మిక్కిలి కష్టమైన నియమము, అయినను పాటింపవలసినదే. పిల్ల తనంత తాను చెప్పినచో వినుడు. మూడు నాలుగు దినములు గడచినను అలజడి తగ్గక, ముందటికంటె హెచ్చైనచో, తరువాతి సిట్టింగు వచ్చువరకు ఆగక చికిత్సకునకు తెలుపుడు.

ఇప్పుడు స్పర్శను గూర్చి. దేహకేంద్రితమను పేరు వినినంతనే ఒడలు పిసుకుదురని కొందరనుకొందురు. ఇది మర్దనము కాదు. ఈ పద్ధతిలోని చికిత్సకులలో పలువురు అసలు తాకరు. భుజముమీదనో వీపుమీదనో చేయి వేయువారు కొందరు గలరు. వేయునపుడు ప్రతిమారును ముందుగా అడుగవలయును. వద్దన్నచో కారణమడుగక మానవలయును. నిన్న సరేయన్న పిల్ల నేడు వద్దనవచ్చును. బట్టలు తీయుమనుట ఏ కారణముచేతను తగదు. పిల్లల విషయమున తల్లియో తండ్రియో గదిలోనో గది యెదుటనో ఉండుటకు అభ్యంతరము చెప్పువారిని విడిచిపెట్టుడు. "మీ అమ్మకు చెప్పవద్దు" అను మాట చికిత్సకుని నోట వచ్చినచో అది చికిత్స కాదు. పిల్లలపై లైంగిక నేరములనుండి రక్షణకై 2012లో చేసిన చట్టము ప్రకారము, అట్టి నేరమును ఎరిగినవారు పోలీసులకు తెలుపక దాచుటయు నేరమే. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య గలదు. పెద్దల విషయమునను నియమమిదియే: చికిత్సకునకును చికిత్సకు వచ్చినవారికిని మధ్య ఆ సంబంధము తప్ప వేరొక సంబంధము ఉండరాదు.

ఎవరిని నమ్మవలయును? 'కౌన్సెలరు' అను మాటను ఎవరైనను బోర్డుమీద వ్రాసికొనుట చూచుచున్నాము. 'సమగ్ర' అను మాట విశేషణమే గాని చదువు కాదు. మందులు వ్రాయదగినవారు వైద్యులు. మనోవ్యాధులకు వారిలో సైకియాట్రీ చదివినవారు. వైద్యేతరులలో 'క్లినికల్ సైకాలజిస్టు' అనువారు 1992 చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలియొద్ద నమోదు పొందవలయును. నమోదు సంఖ్య అడిగినచో యోగ్యులు కోపగింపరు, చూపుదురు. దేహకేంద్రిత పద్ధతి ఆ మూల విద్యమీద అదనముగా నేర్చినదై యుండుట మేలు. రెండు మూడు దినముల శిబిరమున పొందిన సర్టిఫికెట్టు గోడకు అలంకారము మాత్రమే.

ఈ పద్ధతి చేయలేని పనులును గలవు. లేని గొంతుకలు వినబడుట, రోజులతరబడి నిద్రలేకుండ విపరీతమైన ఉత్సాహము, మూర్ఛలు, తిండి మాని మంచము పట్టునంతటి క్రుంగుబాటు—వీటికి వైద్యుడును మందును కావలయును. "నా చికిత్సలో చేరినచో మందులు మానివేయవలయును" అని చెప్పు చికిత్సకుడు ప్రమాదకరుడు. ప్రాణము తీసికొందునన్న మాట పిల్లనోట వచ్చినచో అది సిట్టింగునకై వారము నిరీక్షించు వేళ కాదు. ఆ దినముననే పెద్దాస్పత్రికి పోవలయును, అంతవరకు పిల్లను ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలున్న పల్లెటిండ్లలో వాటిని ఆ పూటయే దూరము చేయవలయును.

దీనివలన కలుగు మేలునకు శాస్త్రమునందు ఎంత ఆధారమున్నదని మీరడుగవచ్చును. ఆలోచనలను నడవడిని సవరించు పద్ధతికి ఉన్నంత ఆధారము దేహకేంద్రిత పద్ధతులకు ఇంకను లేదు. 2004 డిసెంబరు సునామీ పిమ్మట తమిళనాడు తీరపు పల్లెలలో బ్రతికి బయటపడినవారికి ఇట్టి పద్ధతిని వాడి చూచిరి. పలువురు మెరుగుపడితిమని చెప్పిరి. కాని చికిత్స పొందని మరియొక గుంపుతో పోల్చిచూడలేదు గనుక, ఆ మెరుగు చికిత్సవలననా, కాలము గడచుటవలననా అని గట్టిగా చెప్పుటకు వీలులేదు. తగినవాని చేతిలో మేలు చేయగలదు, తగనివాని చేతిలో కీడు చేయగలదు. ఇంతవరకే మేము చెప్పగలము.

ఇక మన జిల్లా కథ. దీనిని చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిమన్నను తప్పులేదు. భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించెను. పెద్ద నగరపు ఆస్పత్రిలో కాక, ఒక జిల్లా నిండ, పల్లెపల్లెకు ఈ వైద్యమును చేర్చుట సాధ్యమా యని చూడదలచి, బెంగళూరు నిమ్హాన్సు సంస్థవారు 1985 మొదలు కొన్ని సంవత్సరములు ప్రయోగము జరిపిన జిల్లా బళ్ళారి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు మనోవ్యాధులను గుర్తించుటయు చికిత్స చేయుటయు నేర్పిరి. ఇల్లిల్లు తిరుగు ఆరోగ్య కార్యకర్తలకు వేరుగా శిక్షణ యిచ్చిరి. అవసరమైన కొన్ని మందులను ఆ కేంద్రములలోనే దొరకునట్లు చేసిరి. గొలుసులతో కట్టివేయుటయో, దూరపు పిచ్చాస్పత్రికి పంపుటయో తప్ప వేరు దారిలేదనుకొన్న కాలమున, జ్వరపు మాత్ర యిచ్చు వైద్యుడే ఈ రోగములకును మందీయగలడని ఈ జిల్లా దేశమునకు చూపినది. 'బళ్ళారి నమూనా' యను పేర అది ప్రసిద్ధమైనది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఇదియే మూలము. అది నేడు దేశమున పెక్కు జిల్లాలకు వ్యాపించినది. మైసూరుపాకు పేరు తెలిసినంతగా బళ్ళారి నమూనా పేరు మనవారికి తెలియకపోవుట మాకు ఎప్పుడును వింతగానే తోచును.

ఆరోగ్య కేంద్రములకు వచ్చు మనోబాధితులలో పెక్కుమంది "మనస్సు బాగులేదు" అని చెప్పరు. తలలో వేడియందురు, ఒళ్ళు నొప్పులందురు, గుండెదడ యందురు, నీరసమందురు. దేహమే మొదట మాటలాడునని బోర్డులు వెలయకముందే ఆ కేంద్రముల వైద్యులు గుర్తింపవలసివచ్చినది. కాబట్టి ప్రైవేటు గదికి పోవుటకు ముందు, రుసుము లేని ఈ దారిని చూడుడు. 1961లో స్థాపింపబడిన మన ప్రభుత్వ వైద్య కళాశాలకు చేరిన ఆస్పత్రి గలదు. 2018 మే 29నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రభుత్వ సేవలలో మానసిక చికిత్స పొందుట ప్రతివారికిని హక్కు. వివరములు గుట్టుగా ఉంచబడుటయు హక్కే. 2022 అక్టోబరునుండి 'టెలీ మానస్' అను ప్రభుత్వ ఫోను సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా నడచుచున్నది. ఇష్టమైన భాషను ఎన్నుకొనవచ్చును.

భాష మాట వచ్చినది గనుక, మన సంఘమునకు ముఖ్యమైన సంగతి చెప్పెదము. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకును పోయినవి. నాటినుండి మన యిండ్లలో తెలుగు, వీథిలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చుట మన పిల్లలకు భాగ్యమే. రాజ్యాంగమునందు 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక విద్య మాతృభాషలో దొరకునట్లు చూడుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఏడుపు మాత్రము ఏ భాషలో రావలయునో ఏ అధికరణమును చెప్పదు. అది మొదట నేర్చిన భాషలోనే వచ్చును. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు, కంగారు వేరు, ఉక్కిరిబిక్కిరి వేరు. ఈ యైదింటిని ఇంగ్లీషులో అడిగినచో పిల్లవాడు 'టెన్షన్' అను ఒక్క మాటతో ముగించును. చికిత్సకుడు ఏ దారిన పోవలయునో తెలిపెడి గుర్తులన్నియు అందులో చెరిగిపోవును. చికిత్సకుడు కన్నడిగుడైనను చింతలేదు. బళ్ళారిలో తెలుగు తెలిసిన కన్నడిగులకు కొదువలేదు. "మా పిల్ల తెలుగులో చెప్పుకొనవచ్చునా?" అని మొదటనే అడుగుడు. ఆ మాట అడుగుటకు సంకోచింపవలదు. తల్లికి చికిత్స జరుగునపుడు బడికి పోవు కొడుకును దుబాసిగా కూర్చుండబెట్టకుడు. తల్లి తన కొడుకు నోట పలికింపరాని మాటలే చికిత్సకు కావలసిన మాటలు.

తల్లుల మాట ఎత్తితిమి గనుక మరియొకటి. మన యూర జీన్సు బట్టలు కుట్టు పనిలో నున్న కుటుంబములు పెక్కు. దినమంతయు మిషనుమీద మెడవంచి కూర్చున్న తండ్రి, రాత్రి ఇంటికి వచ్చి "భుజములు జారవిడిచి కూర్చో" యని పిల్లకు నేర్పలేడు. పిల్ల దేహము పెద్దల దేహమును చూచి నేర్చుకొనును. చికిత్సకులలో కొందరు తల్లిదండ్రులను కూడ ఒకటి రెండు సిట్టింగులకు పిలుచుట ఇందుకే. పిలిచినచో "జబ్బు పిల్లకా, మాకా?" అని అలుగకుడు. ఉపాధ్యాయ మిత్రులకును ఒక మనవి: పదవ తరగతి వచ్చినంతనే ఆటల పీరియడును లెక్కలకు అప్పగించు ఆచారమును మానుడు. బిగిసిన దేహము రుసుము లేకుండ సడలు చోటు పాఠశాలలో అదియొక్కటే.

అన్నిటికంటె పెద్ద అడ్డంకిని మీరు పైకి చెప్పరు, మేమెరుగుదుము. "పిల్లను మనస్సు డాక్టరునకు చూపినారని తెలిసినచో రేపు సంబంధములు రావు" అను భయము. అందుచేత కొందరు పదిమందికి తెలియని బెంగళూరునకు రాత్రి బండిలో పోయి వచ్చుచున్నారు. కొందరు తాయెత్తులతోను దిష్టితీతలతోను సంవత్సరములు గడుపుచున్నారు. దేవునికి మ్రొక్కుకొనుటను మేము కాదనము. మ్రొక్కుతోపాటు వైద్యుని చూపుట మాని, పిల్ల చదువు ఆగిపోవువరకు కూర్చుండుటను కాదనుచున్నాము. పదమూడవ యేట కొద్ది వారములలో సడలు ముడి, ఇరువదియవ యేటికి గట్టిపడును. అప్పుడు ఆ పిల్లను అత్తవారింటికి పంపుట మాత్రము ఎట్లు క్షేమము?

ఇంకను అడుగదలచినవారు సభలో లేచి అడుగనక్కరలేదు. ద్వారమునొద్ద ఒక పెట్టె ఉంచబడినది. పేరు వ్రాయక, ప్రశ్నను మాత్రము చీటీపై వ్రాసి వేయుడు. తెలుగున వ్రాసినను, కన్నడమున వ్రాసినను సరియే. వ్రాయుట రాని తల్లులు సాయంకాలము గ్రంథాలయపు గదిలో మమ్ము ఒంటరిగా కలిసికొనవచ్చును. దీపములు పెట్టువేళవరకు అచ్చటనే ఉందుము.